ఏడు గుంటల నేల

వింబుల్డన్ మహిళల అంతిమ పోటీ సమీపించుచున్నది. జూలై మాసమున నొక శనివారమునాడు, లండనులో పగటి వెలుగు తగ్గకమునుపే, మనకు రాత్రి వేళకు, ఇద్దరు యువతులు తెల్లని దుస్తులు ధరించి సెంటర్ కోర్టు పచ్చికమీద ఎదురెదురుగా నిలుతురు. ఆ రాత్రి వికారాబాదులోను తాండూరులోను పెక్కుమంది టెలివిజను ముందు కూర్చుందురు. మరునాడు పఠనాలయములలో ఆటల పుట కొరకు చేతులు పోటీపడును. మేమును చూతుము. చూడదగిన ఆటయే. కాని ఆ ఆట చూచుటకు ముందు మన రెండు పట్టణముల పెద్దలను ఒక్క ప్రశ్న అడుగవలసియున్నది. అది గెలుపోటములను గూర్చిన ప్రశ్న కాదు.

మొదట పోటీ మాట చెప్పుదము. ఎవరు గెలుతురని జోస్యము చెప్పువారిని నమ్మవలదు. 2017లో స్పెయిను దేశపు ముగురుజా, 2018లో జర్మనీ దేశపు కెర్బర్, 2019లో రుమేనియా దేశపు హలెప్, 2021లో ఆస్ట్రేలియా దేశపు బార్టీ, 2022లో కజకస్తాను తరఫున ఆడిన రిబకినా, 2023లో చెకు దేశపు వొండ్రుసోవా, 2024లో ఆ దేశముదే యైన క్రెజికోవా, 2025లో పోలెండు దేశపు స్వియాటెక్ గెలిచిరి. మహమ్మారి మూలమున 2020లో పోటీయే జరుగలేదు. ఎనిమిది పోటీలకు ఎనమండుగురు విజేతలు! 2016లో సెరీనా విలియమ్స్ తన బిరుదమును నిలుపుకొనిన పిమ్మట 2025 వరకు ఆ పని మరియెవ్వరికిని సాధ్యము కాలేదు. వొండ్రుసోవాకైతే పోటీకి ముందు సీడింగు సైతము లేదు.

పచ్చికమీద బంతి తక్కువ ఎత్తున లేచి వేగముగా జారిపోవును. కావున మొదటి సర్వీసు తప్పినప్పుడు రెండవ సర్వీసును ధైర్యముగా కొట్టగలిగినదెవరో చూచుచుండవలెను. బలము మొదటి సర్వీసులో తెలియును. గుండెదిటవు రెండవ సర్వీసులో తెలియును. అంతిమ పోటీలో ఓడునది చేయి కాదు, మనస్సు. 2025లో అమెరికా దేశపు అనిసిమోవా అంతిమ పోటీలో ఒక్క గేమైనను గెలువలేక 57 నిమిషములలో 0-6, 0-6గా ఓడినది. లోకమంతయు చూచుచుండగా కన్నీరు పెట్టుకొనినది. అటువంటి యోటమి తరువాత మరియొకరైనచో రాకెట్టును అటకమీద పెట్టుదురు. ఆమె రెండు మాసములు తిరుగకమునుపే అమెరికా పోటీలో ఆ స్వియాటెక్‌నే ఓడించి మరల అంతిమ పోటీకి చేరినది. ఈ దిటవు ఒక్క మధ్యాహ్నములో పుట్టినది కాదు. ఆరేండ్ల యీడునుండి ప్రతిదినము ఓడి, ప్రతిదినము మరల కోర్టునకు వచ్చిన పిల్లకు గాని అది అలవడదు.

మా ప్రశ్న ఇక్కడనే మొదలగుచున్నది. అంతిమ పోటీ లండనులో ముగియును, ఎక్కడ మొదలగును?

అది ఏదో యొక ఊరిలో, ఏదో యొక నేలమీద మొదలగును. ఆ నేల యున్న ఊరు ఒకనాటికి లండను చేరవచ్చును. ఆ నేల లేని ఊరు ఎన్నటికిని చేరదు. మన దేశపు స్త్రీ యొక్కతెయు నేటివరకు ఏ గ్రాండ్‌స్లామ్ పోటీలోను సింగిల్సు అంతిమ పోటీకి చేరలేదు. వింబుల్డన్‌లో మహిళల పోటీ 1884లో ఆరంభమైనది. అక్కడ ఒక ఆట గెలిచిన మొదటి భారతీయ స్త్రీ లీలా రావు. ఆమె గెలిచినది 1934లో. ఇంత కాలములో మన ప్రాంతమునుండి ఆ ద్వారమును బలముగా తట్టినది ఒక్కతె. ఆమె మన హైదరాబాదు పిల్ల సానియా మీర్జా.

ఆమె చరిత్ర పాఠకులెరుగనిది కాదు. 2005 ఫిబ్రవరిలో హైదరాబాదుననే జరిగిన పోటీలో సింగిల్సు బిరుదము గెలిచెను. ఆ శ్రేణి పోటీలలో భారతీయ స్త్రీకి అదియే మొదటి బిరుదము. ఆ సంవత్సరమే అమెరికా పోటీలో నాలుగవ రౌండు చేరెను. 2007లో సింగిల్సున ప్రపంచములో 27వ స్థానము నందెను. మణికట్టు గాయము ఆమె సింగిల్సు ఆటను దెబ్బతీయగా డబుల్సు వైపు మరలి, 2015 ఏప్రిల్‌లో ఆ విభాగమున ప్రపంచములోనే ప్రథమ స్థానము నందెను. 2015 జూలై 11వ తేదీన వింబుల్డన్ డబుల్సు అంతిమ పోటీలో ఆమెయు మార్టినా హింగిస్‌యు మూడవ సెట్టులో 2-5తో వెనుకబడియుండిరి. తేరుకొని 5-5గా సమము చేసిన పిమ్మట, చీకటి పడగా కోర్టు పైకప్పు మూసిరి. ఆ మీద 7-5గా సెట్టును, బిరుదమును గెలిచిరి. అంతిమ పోటీలో మనస్సు నిలుచుట యన ఏమియో తెలియగోరువారు ఆ యొక్క సెట్టును జ్ఞప్తికి తెచ్చుకొనిన చాలును.

మరి ఇంతటి ఆట మొదలైన నేల యెట్టిది? ఆవుపేడతో అలికిన మట్టి కోర్టుమీద తాను ఆట నేర్చితినని ఆమెయే పలుమారులు చెప్పియున్నది. అలికిన నేల! మన ఇండ్ల ముంగిట తల్లులు ప్రతి ఉదయము చేయు పని యది. దానికి లండనునుండి నిపుణులు రానక్కరలేదు. ఆరేండ్ల పిల్లగా ఆమె మొదట వెళ్లినప్పుడు, మరీ చిన్నదని శిక్షకుడు చేర్చుకొనుటకు ఒప్పుకొనలేదట. ఒక మాసము తరువాత ఆయనయే తల్లిదండ్రులను పిలిచి పిల్ల ఆట చూచుటకు రండనెనట. ఆ ఒక్క మాసము ఆమెకు అలికిన నేల దొరకకున్నచో ఈ దేశమునకు ఒక ప్రపంచ విజేత తగ్గియుండును. అట్టి నేల దొరకక, అట్టి మాసము రాక మన తాండూరులోను వికారాబాదులోను ఎందరు పిల్లలు ఏమియు కాకుండ పోయిరో లెక్క వ్రాసినవారెవ్వరు?

ఇక మనవారి మర్యాద చూడుడు. 2014లో తెలంగాణ ప్రభుత్వము ఆమెను రాష్ట్ర ప్రచారకర్తగా నియమించి కోటి రూపాయల చెక్కు ఇచ్చినది. అది తప్పని మేమనము. గెలిచినవారిని గౌరవించుట రాజధర్మము. ఆ సందర్భముననే యొక శాసనసభ్యుడు ఆమెను పాకిస్తాను కోడలని ఆక్షేపించెను. అంతకు పూర్వము 2005లో కొందరు మతపెద్దలు ఆమె దుస్తులను ఆక్షేపించిరి. ఒకరికి ఆమె కట్టిన బట్ట కానరాగా, మరియొకరికి ఆమె మెట్టిన ఇల్లు కానవచ్చినది. ఆమె కొట్టిన బంతి ఎవరికిని కానరాలేదు! తాను కడవరకు భారతీయురాలనే యని ఆమె చెప్పుకొనవలసి వచ్చుట ఆమెకు కాదు, మనకు సిగ్గు. కాని అంతకంటె పెద్ద సిగ్గు మరియొకటి యున్నది. పండిన చెట్టునకు పట్టుబట్ట కట్టుదుము. మొలకకు చెంబెడు నీరు పోయము. గెలిచినవారికి కోటి, గెలువగలవారికి కోర్టు లేదు. ఇది దానము కాదు, వ్యవసాయము అంతకంటె కాదు. కంది పండించు తాండూరు రైతునడుగుడు: విత్తనాలు చల్లకయే కోతనాడు మేళతాళములతో పొలమునకు పోవువానిని ఏమందురో అతడు చెప్పును.

కోర్టునకు ఎంత నేల కావలెను? ఆట గీతల పొడవు 78 అడుగులు. డబుల్సునకు వెడల్పు 36 అడుగులు. చుట్టును పరుగెత్తు చోటు కలుపుకొని 120 అడుగుల పొడవు, 60 అడుగుల వెడల్పు. వెరసి 800 చదరపు గజములు. మన లెక్కలో ఏడు గుంటలకు లోపే. ఎకరములో ఆరవ వంతు. పట్టణములో మొలచుచున్న వెంచరులను చూచుచున్న మనకు ఏడు గుంటల నేల కరవని చెప్పుట నమ్మదగిన మాటయేనా? మట్టి కోర్టునకు మొరము కావలెను. మన కొండ నేలలలో మొరమునకు లోటు లేదు. ఒంటరిగా అభ్యాసము చేయు పిల్లకు బంతి తిరిగి పంపు గోడ యొకటి కావలెను. తాండూరు బండలు దేశమంతట ఇండ్లకు నేలయై పరచుకొనియున్నవి. లోకమునకెల్ల నేల పరచిన ఊరు తన ఆడుపిల్లలకు ఏడు గుంటల నేల చదును చేయలేదా?

ఇందుకు మనవారు చెప్పు అభ్యంతరములు మేమెరుగుదుము. ఒక్కొక్కదానిని పరిశీలింతము.

ఇది దొరల ఆట యనుట మొదటి అభ్యంతరము. ఇందులో కొంత నిజమున్నది. చిరకాలము మన జిల్లా కేంద్రములలో టెన్నిసు కోర్టనిన ఆఫీసర్ల క్లబ్బు కోర్టే. నేల అలికినది ఊరివారు, బంతులేరినది ఊరి కుర్రవారు, ఆడినది దొరలు. కాని దొరలు ఆడిన తప్పు ఆటది కాదు, తలుపు మూసినవారిది. ఆల్తియా గిబ్సన్ చరిత్ర వినుడు. న్యూయార్కు నగరమున నల్లజాతివారుండు హార్లెం వాడలో, పిల్లల ఆట కొరకు బండ్ల రాకపోకలు ఆపిన వీధిలో చెక్కబ్యాటుతో ఆమె ఆట నేర్చినది. 1957లో ఎలిజబెత్ రాణి చేతినుండి వింబుల్డన్ బిరుదము నందుకొనినది. బిల్లీ జీన్ కింగ్ నేర్చినది పురపాలక ఉద్యానములోని ఉచిత కోర్టులలో. విలియమ్స్ అక్కచెల్లెండ్రు నేర్చినది కాంప్టను పట్టణపు సార్వజనిక కోర్టులలో. దొరల ఆటను ప్రజల ఆటగా మార్చినది ధనము కాదు, తెరచిన తలుపు.

చిన్న ఊరినుండి ఏమగుననుట రెండవ అభ్యంతరము. ఆస్ట్రేలియాలో బరెల్లన్ అను ఊరున్నది. గోధుమ పండించు పల్లె; మన తాండూరులో ఒక మూలకు సరిపోవును. అక్కడ గొర్రెల ఉన్ని కత్తిరించి జీవించు ఆదివాసి కుటుంబములోని బాలిక ఇవాన్ గూలగాంగ్ కోర్టు కంచెనుండి లోపలికి తొంగి చూచుచుండగా, ఊరివాడొకడు లోనికి వచ్చి ఆడుమని పిలిచెను. ఆమె 1971లో వింబుల్డన్ గెలిచెను. పెండ్లియై, బిడ్డతల్లియై, 1980లో మరల గెలిచెను. ఆ పల్లెకు కోర్టుండెను, పిలిచిన పెద్దమనిషి యుండెను. చెకు దేశమును చూడుడు. దాని జనసంఖ్య సుమారు కోటి. 2011 జనాభా లెక్కల ప్రకారము తెలంగాణ జనసంఖ్య మూడున్నర కోట్లు. మనలో మూడవవంతు లేని ఆ దేశము 2023లోను 2024లోను వరుసగా ఇద్దరు విజేతల నిచ్చినది. వారి రక్తములో విశేషమేమియు లేదు. వారి చిన్న ఊళ్లలో సైతము టెన్నిసు క్లబ్బులున్నవి.

ఇది విదేశీయుల ఆట, మనకు కబడ్డీ, ఖోఖో లేవా యనుట మూడవది. ఉన్నవి, ఉండవలెను. కాని 1874లో వాడి నుండి సికిందరాబాదునకు వేసిన రైలు మార్గము విదేశీయుల విద్యయే. ఆ రైలెక్కుట మన మెవ్వరమును మానలేదు. వికారాబాదు, తాండూరు వర్తకము పెరిగినది దానివలననే. క్రికెట్టు మన తాతల ఆట కాదు. అయినను దానికొరకు దుకాణములు మూయుదుము. మగపిల్లవాని ఆటకు రాని స్వదేశాభిమానము ఆడుపిల్ల రాకెట్టు పట్టగానే మేల్కొనుట వింత! మరి ఖోఖో మాటయే యెత్తుదము. 2022 జూన్‌లో ప్రభుత్వము గ్రామములందు క్రీడా ప్రాంగణముల నేర్పరచు పథకమును ఆరంభించినది. కబడ్డీ, ఖోఖో, వాలీబాలు మొదలగు ఆటలకు ఉద్దేశించినది. మీకు సమీపమున నున్న ప్రాంగణమునకు ఒక సాయంకాలము పోయి, ద్వారముమీది పలకను చదువక, లోపల ఆడుచున్న బాలికలను లెక్కపెట్టుడు. ఆ లెక్కయే మీ స్వదేశాభిమానపు కొలత.

ఆడుపిల్లలు ఆడినచో పెండ్లి కాదనుట కడపటి అభ్యంతరము. బహిరంగముగ ఎవ్వరును చెప్పరు. ఇంటిలో అందరును అందురు. నిజమైన గోడ ఇదియే. పది పన్నెండేండ్లు వచ్చువరకు పిల్ల పరుగెత్తినచో తండ్రి మురియును. ఆ మీద ఎండకు నలుపెక్కుననియు, వీధిలో నలుగురు చూతురనియు, ఆలస్యముగా ఇల్లు చేరుననియు ఒక్కొక్క కారణము పుట్టును. ఆ వయస్సు ఆటకు పునాది గట్టిపడు వయస్సు. సరిగా అప్పుడే మనము పునాది త్రవ్వివేయుదుము. గూలగాంగ్ తల్లియైన తరువాత గెలిచినది. సానియా 2018లో కుమారుని కని, 2020 జనవరిలో హోబార్టులో మరల బిరుదము గెలిచినది. నిజామాబాదు పిల్ల నిఖత్ జరీన్ ముష్టియుద్ధములో 2022, 2023 సంవత్సరములలో ప్రపంచ విజేత యైనది. ఆ జిల్లాకే చెందిన పాకాల గ్రామపు పిల్ల మాలావత్ పూర్ణ సర్కారు గురుకుల పాఠశాలలో చదువుచు, 13 ఏండ్ల యీడున, 2014 మే 25వ తేదీన ఎవరెస్టు నెక్కినది. నిజామాబాదు జిల్లాకు చేతనైనది వికారాబాదు జిల్లాకు చేతకాదా? అనంతగిరి కొండ మన గుమ్మము ముందే యున్నది గదా! మూసీనది అక్కడ సన్నని ధారగా పుట్టి హైదరాబాదునకు నదియై చేరుచున్నది. మన పిల్లలకు మాత్రము ఆ దారి ఎందుకు మూసితిమి?

ఒక కోర్టు కట్టగానే వింబుల్డన్ విజేత పుట్టునని మేము చెప్పము. అట్లు చెప్పువాడు వంచకుడు. నూరుగురు ఆడినను ఒక్కతె రాకపోవచ్చును. పన్నెండేండ్లు దాటిన పిదప శిక్షణకు, ప్రయాణములకు, పోటీలకు అయ్యెడి వ్యయము సామాన్య గృహస్థుడు భరింపలేడు. అచ్చట ప్రభుత్వము చేయూత నీయవలెను. విజయోత్సవమునాటి చెక్కులో కొంత భాగము ఆనాడే ఖర్చు పెట్టవలెను. కాని ఆ నూరుగురిలో తొంబదితొమ్మండుగురు బలమైన కాళ్లతో, బెదరని చూపుతో, ఓడియు మరునాడు మరల నిలువగల మనస్సుతో ఎదుగుదురు. వారు ఉపాధ్యాయినులగుదురు, వైద్యులగుదురు, తల్లులగుదురు. అనిసిమోవా 57 నిమిషములలో నేర్చిన పాఠమును వారు మన ఊరి కోర్టులోనే నేర్తురు. బిరుదము రాకున్నను ఆ పంట చేతికి వచ్చును.

కావున మేము కోరునది స్వల్పము. 2016లో వికారాబాదు జిల్లా కేంద్రమైనది. వికారాబాదు, తాండూరు పురపాలక సంఘములు రెండును తమ తమ బాలికల పాఠశాలల ఆవరణలోనో, దాపుననో ఏడేసి గుంటల నేల చూపవలెను. కోర్టు ఏ క్లబ్బుదియు కారాదు. రుసుము లేక పట్టణపు ప్రతి బాలికకు తెరచియుండవలెను. సాయంకాలపు వేళలు బాలికలకే కేటాయింపవలెను. నేర్పుటకు ఉపాధ్యాయిని యుండవలెను. చీకటి పడకుండ దీపముండవలెను. రాకెట్లు, బంతులు పాఠశాలవి కావలెను. కొనలేని పిల్ల కంచెవెలుపల నిలువరాదు. బండల వర్తకులు గోడ కట్టింపుడు. కంది వర్తకులు బంతుల ఖర్చు వహింపుడు. ఏటేట వింబుల్డన్ జరుగు వారముననే వికారాబాదు బాలికలకును తాండూరు బాలికలకును పోటీ పెట్టుడు. రైలు ప్రయాణము స్వల్పమే. ఉదయము పోయి సాయంకాలము తిరిగి రావచ్చును.

ఇక పాఠకులతో ఒక మాట. ఆ శనివారపు రాత్రి ఆట చూచుచు మీరు చప్పట్లు కొట్టుదురు. మీ ప్రక్కన మీ కుమార్తెయో మనుమరాలో కూర్చుండియుండును. ఆట ముగిసిన పిమ్మట, నేను ఎక్కడ నేర్చుకొందునని ఆ పిల్ల అడుగును. నేడు ఆ ప్రశ్నకు వికారాబాదులో మీరేమి చెప్పుదురు? తాండూరులో మీరేమి చెప్పుదురు? ఆ పిల్ల చేయి పట్టుకొని చూపుటకు ఏడు గుంటల నేల లేనిచో, మీ చప్పట్లు పరాయి ఇంటి పెండ్లిలో మ్రోగిన మేళమే. బరెల్లన్ పల్లెలో ఒక్క మనిషి కంచెవద్ద నిలిచిన పిల్లను లోనికి పిలిచెను. మన రెండు పట్టణములలో పిలువవలసిన పెద్దలు వేలమంది యున్నారు. పిలుచుటకు ముందు కోర్టు కట్టుడు.